సైకిల్ టైరులో ఎంత గాలి ఉండాలి? మీ బరువుకి, మీ రోడ్డుకి సరిపోయే అంకె కట్టుకునే పద్ధతి

టైరు పక్కన అచ్చు వేసి ఉన్న అంకె చూసుకుని అంతవరకూ గాలి కొట్టేయడం మనలో చాలామందికి అలవాటు. ఎంత గట్టిగా ఉంటే అంత వేగంగా పోతుందని నమ్మకం కూడా. ఈ రెండూ వదిలేయమని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ అంకె టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి, అంతే. తొక్కేవాళ్లు 55 కిలోలున్నా 95 కిలోలున్నా ఆ టైరు మీద అదే అంకె ఉంటుంది, రోడ్డు నున్నగా ఉన్నా కంకర తేలి ఉన్నా అదే ఉంటుంది. మీకు సరిపోయే ఒత్తిడి మాత్రం ఒక్కో చక్రం మీద పడే బరువుని బట్టి, టైరు అసలు వెడల్పుని బట్టి, మీరు రోజూ తొక్కే రోడ్డుని బట్టి మారుతుంది. ఈ మూడూ ఇంట్లోనే తేల్చుకోవచ్చు. బరువు చూసుకునే మిషన్, స్కేలు, గేజ్ ఉన్న పంపు, తోడు ఒక మనిషి, ఒక ఆదివారం పొద్దున చాలు.

ముందు ఒక పత్రిక సంగతి

అమెరికాలో సియాటిల్ నుంచి యాన్ హైనె అనే ఆయన 2002లో ఒక చిన్న త్రైమాసిక పత్రిక మొదలుపెట్టాడు. పేరు వింటేజ్ బైసికిల్ క్వార్టర్లీ, తర్వాత బైసికిల్ క్వార్టర్లీ అయింది. ఆయన చదివింది భూగర్భశాస్త్రం, తొక్కేది వందల కిలోమీటర్ల దూరపు సైకిళ్లు. 1940ల్లో, 50ల్లో రెనె ఎర్స్, అలెక్స్ సింగర్ లాంటి ఫ్రెంచి పనివాళ్లు చేసిన సైకిళ్ల మీద ఇష్టంతో మొదలైన పత్రిక అది. ఆ పాత సైకిళ్లకి టైర్లు వెడల్పుగా, మెత్తగా ఉండేవి. రేసింగ్ జనమంతా 23 మిల్లీమీటర్ల సన్న టైరులో 120 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని గాలి ఒత్తిడిని చెప్పే కొలత) కొట్టుకుని తిరుగుతున్న రోజుల్లో, ఆ వెడల్పు టైర్లు నిజంగా నెమ్మదైనవేనా అని ఈ పత్రికవాళ్లకి సందేహం వచ్చింది. సందేహం వచ్చి ఊరుకోలేదు, రోడ్డు మీదకి వెళ్లి కొలిచారు. నాకు ఆ పత్రిక మీద గౌరవం అందుకే.

అప్పటిదాకా టైర్లని ఎక్కువగా నున్నటి ఇనుప డ్రమ్ము మీద తిప్పి కొలిచేవారు. డ్రమ్ము మీద గాలి పెరిగేకొద్దీ టైరు తక్కువ నలుగుతుంది, దొర్లడానికి ఎదురయ్యే నిరోధం తగ్గుతూనే పోతుంది, కాబట్టి గట్టి టైరే మంచిదని తేలుతుంది. కానీ ఆ డ్రమ్ము మీద మనిషి లేడు, గరుకు రోడ్డూ లేదు. రోడ్డు మీద గట్టి టైరు ప్రతి చిన్న గులకరాయికీ సైకిల్‌ని, దాని మీది మనిషిని పైకి ఎగరేస్తుంది. ఆ కుదుపు మన చేతుల్లో, తొడల్లో, నడుములో అరిగి వేడిగా పోతుంది. అలా పోయిన శక్తి మనం పెడల్ మీద పెట్టిందే. హైనె బృందం వాలు మీద తొక్కకుండా దొర్లి టైం చూశారు, తర్వాత పెడల్ మీద ఎంత శక్తి పెడుతున్నామో చూపించే పవర్ మీటర్లతో కొలిచారు. హైవే అంచున డ్రైవర్లని నిద్ర లేపడానికి ఉండే గరగర పట్టీల మీద తొక్కినప్పుడు, పక్కనే ఉన్న నున్నటి తారు మీద అదే వేగానికి పట్టిన దానికంటే 290 వాట్ల దాకా ఎక్కువ పట్టిందని వాళ్ల లెక్క. మామూలుగా తొక్కేవాళ్లు గంటసేపు 200 వాట్లు నిలబెట్టడమే కష్టం, దాన్నిబట్టి ఆ నష్టం ఎంతో చూడండి. రోజువారీ రోడ్డు అంత ఘోరంగా ఉండదు, కానీ నష్టం జరిగే తీరు అదే.

పత్రిక తేల్చినదాన్ని నా మాటల్లో చెప్పాలంటే ఇంతే: ఒక హద్దు దాటాక గాలి పెంచితే వేగం పెరగదు, వెడల్పు టైరు దానంతట అది నెమ్మది కాదు, టైరు గుడ్డ (రబ్బరు కింద ఉండే అల్లిక) ఎంత మెత్తగా వంగుతుందన్నదే అన్నిటికంటే ముఖ్యం. ఇక్కడ పాఠకులకి తెలియాల్సిన సంగతి ఒకటుంది. అదే హైనె ఇప్పుడు రెనె ఎర్స్ పేరుతో వెడల్పాటి మెత్తటి టైర్లు అమ్ముతాడు. అందుకని ఆ ఫలితాలు అబద్ధమైపోవు, కానీ వేరేవాళ్ల మాట కూడా వినడం మంచిది.

ఆ వేరేవాళ్లలో నాకు నచ్చిన మనిషి జాష్ పోర్ట్‌నర్. జిప్ చక్రాల కంపెనీలో సాంకేతిక విభాగం నడిపాడు, ఫ్రాన్స్‌లో జరిగే పారి-రూబే రేసు రాళ్ల రోడ్డు కోసం చక్రాలు, టైర్ల మీద పనిచేశాడు, తర్వాత పాత ఇటలీ పంపుల కంపెనీ సిల్కాని కొన్నాడు. ఆయన చెప్పేది కొంచెం వేరు. గాలి పెంచుతుంటే నిరోధం మెల్లగా తగ్గుతూ వస్తుంది, ఒక చోటికి రాగానే ఒక్కసారిగా పైకి లేస్తుంది, ఆ చోటు ఎక్కడన్నది రోడ్డు గరుకుదనం చెబుతుంది అంటాడు. హైనె మాత్రం మెత్తటి టైరుకి ఆ మార్పుని గ్రాఫు గీస్తే గీత దాదాపు బల్లపరుపుగా ఉంటుందంటాడు. ఇద్దరి మధ్యా ఈ తేడా ఉన్నా, మనకి పనికొచ్చే చోట కలుస్తారు: గరుకు రోడ్డు మీద అవసరానికి మించి 10 పీఎస్‌ఐ ఎక్కువ ఉండటం కంటే 10 తక్కువ ఉండటమే మేలు.

మరి గట్టి టైరు వేగంగా ఉన్నట్టు ఎందుకు అనిపిస్తుంది? వేగం పెరిగినప్పుడు సైకిల్ సన్నగా, త్వరత్వరగా వణుకుతుంది. గాలి ఎక్కువ కొట్టినా అలాగే వణుకుతుంది. శరీరం రెండింటికీ తేడా పట్టలేదు. అందుకే ఈ విషయంలో ఒంటికి తోచినదాన్ని నమ్మకుండా కొలిచి చూడమంటున్నాను.

మొదటి మెట్టు: టైరు అసలు వెడల్పు కొలవండి

టైరు మీద 700×28 అని ఉంటే అది 28 మిల్లీమీటర్లే ఉంటుందని అనుకోకండి. రిమ్ము లోపలి వెడల్పు ఎక్కువైతే అదే టైరు 30 దాకా రావచ్చు, పాత సన్న రిమ్ము మీద 27 కూడా రాకపోవచ్చు. గాలి నింపి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున్నే వెర్నియర్ కాలిపర్‌తో అటు నుంచి ఇటు కొలవండి. కాలిపర్ లేకపోతే టైరుకి రెండు వైపులా రెండు పుస్తకాలు నిలబెట్టి వాటి మధ్య దూరం స్కేలుతో చూడండి. ముందు టైరు, వెనక టైరు రెండూ కొలిచి రాసుకోండి. రెండు మిల్లీమీటర్ల తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ సన్న టైర్లలో అది పది పీఎస్‌ఐకి పైగా మారుస్తుంది.

రెండో మెట్టు: ఒక్కో చక్రం మీద ఎంత బరువుందో చూడండి

అందరూ దాటేసేది ఇదే, అసలు పని మొత్తం ఉన్నదీ ఇక్కడే.

బరువు మిషన్‌ని గోడ పక్కన పెట్టండి. దాని ఎత్తుకి సమానంగా ఒక చెక్క గానీ పుస్తకాల దొంతర గానీ రెండో చక్రం కింద పెట్టండి, లేకపోతే సైకిల్ వాలిపోయి లెక్క తప్పుతుంది. ముందు చక్రం మిషన్ మీదకి ఎక్కించి, మీరు ఎప్పుడూ తొక్కే బట్టలు, బూట్లు, హెల్మెట్, నిండు నీళ్ల సీసాలతో ఎక్కి కూర్చోండి. మోచేయి గోడకి ఆనీ ఆననట్టు ఉంచండి, బరువు గోడ మీద పడకూడదు. చేతులు హ్యాండిల్ మీద ఎప్పుడూ పట్టుకునే చోటే ఉండాలి. పక్కవాళ్లని అంకె చదవమనండి, మీరు వంగి చూస్తే బరువు ముందుకి జరిగిపోతుంది. తర్వాత చక్రాలు మార్చి వెనక బరువు చూడండి. రెండూ కలిపితే మీ బరువు, సైకిల్ బరువు, సామాను కలిపిన దానికి దగ్గరగా రావాలి. రాకపోతే ఎక్కడో ఆనుకున్నారన్నమాట, మళ్లీ చూడండి.

రోడ్ బైకు మీద కొంచెం వంగి తొక్కేవాళ్లకి సుమారుగా ముందు 45 శాతం, వెనక 55 శాతం పడుతుంది. నిటారుగా కూర్చునే హైబ్రిడ్, మామూలు ఇంటి సైకిళ్ల మీద వెనక 60 శాతం దాటుతుంది. అంటే రెండు టైర్లలో ఒకే గాలి పెట్టడం ఎవరికీ సరిపడదు. వెనక సరిపోతే ముందు రాయిలా ఉంటుంది, ముందు సరిపోతే వెనక రిమ్ము తగులుతుంది.

మూడో మెట్టు: మొదటి అంకె కట్టుకోండి

ఫ్రాంక్ బెర్టో అనే అమెరికన్ ఇంజనీరు, బైసికిలింగ్ పత్రికకి సాంకేతిక విషయాలు రాసిన మనిషి, ఎన్నో టైర్లని బరువు కింద నొక్కి అవి ఎంత కుంగుతున్నాయో కొలిచాడు. టైరు ఎత్తులో 15 శాతం కుంగితే సౌకర్యానికీ రిమ్ము భద్రతకీ మధ్య మంచి చోటు అని ఆయన చెప్పాడు. ఆయన గీసిన పట్టికని బైసికిల్ క్వార్టర్లీ మళ్లీ అచ్చువేశాక అది ప్రపంచమంతా తిరిగింది.

ఆ పట్టికకి దగ్గరగా ఉండే అంకెలు ఇవి. ఒక చక్రం మీద 45 కిలోలు పడుతున్నాయనుకోండి. 25 మిల్లీమీటర్ల టైరుకి సుమారు 87 పీఎస్‌ఐ, 28కి 72, 32కి 57, 35కి 48, 38కి 42, 42కి 35. మీ చక్రం మీద బరువు ఎక్కువో తక్కువో ఉంటే ప్రతి 5 కిలోలకీ 25 టైరుకి 10 పీఎస్‌ఐ, 28కి 9, 32కి 7, 38కి 5 చొప్పున కలపండి లేదా తీసేయండి.

ఉదాహరణ చూద్దాం. మనిషి 70 కిలోలు, సైకిల్, నీళ్లు, సంచి కలిపి 12 కిలోలు, మొత్తం 82. ముందు 37, వెనక 45. టైర్లు 28 మిల్లీమీటర్లు. వెనక 72 పీఎస్‌ఐ వస్తుంది. ముందు 8 కిలోలు తక్కువ కాబట్టి 14 తీసేస్తే 58. ఈ మనిషి ఇన్నాళ్లూ రెండింట్లో 100 కొడుతుంటే, ముందు టైరులో 42 పీఎస్‌ఐ అనవసరంగా మోస్తున్నట్టే.

ముందు టైరు విషయంలో నా సలహా: లెక్కలో వచ్చిన దానికి మూడు నాలుగు పీఎస్‌ఐ కలపండి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువంతా ఒక్కసారిగా ముందుకి తోసుకొస్తుంది, అప్పుడు టైరు పక్కకి ఒరిగిపోకూడదు. టైరు గుడ్డ పలచగా, మెత్తగా ఉన్న ఖరీదైన రకానికి కూడా ఇది వర్తిస్తుంది, ఎందుకంటే వాటిలో బరువు మోసేది దాదాపు గాలే. పంచర్ పడకుండా మందపాటి పట్టీ వేసిన బండ టైర్లలో గుడ్డే కొంత మోస్తుంది, కాబట్టి కొంచెం తగ్గించినా నడుస్తుంది.

గేజ్ లేనివాళ్లకి, ముఖ్యంగా పాత నల్ల సైకిళ్లవాళ్లకి ఒక మాట

మన ఇళ్లలో ఉండే 28 అంగుళాల నల్ల సైకిళ్లకి రబ్బరు తొడుగు ఉండే పాత డన్‌లప్ వాల్వ్ ఉంటుంది. ఆ రబ్బరు తొడుగు గాలిని లోపలికి పోనిస్తుంది, బయటికి రానివ్వదు. అందుకే దాని మీద గేజ్ పెడితే లోపలి ఒత్తిడి తెలియదు. కొట్టేటప్పుడు పంపు గేజ్ చూపించేది కూడా నిజం కంటే ఎక్కువే.

వీళ్లకి బెర్టో పద్ధతే నేరుగా పనికొస్తుంది. సైకిల్ గచ్చు మీద నిలబెట్టి, టైరు నేలకి తగిలే చోట రిమ్ము అంచు నుంచి నేల దాకా ఎంతుందో స్కేలుతో కొలవండి. తర్వాత మీరు ఎక్కి మామూలుగా కూర్చోండి, పక్కవాళ్లు అక్కడే మళ్లీ కొలవాలి. ఆ రెండు కొలతల తేడాయే కుంగుడు. 40 మిల్లీమీటర్ల టైరుకి 6 మిల్లీమీటర్లు, 32కి 5కి కొంచెం లోపు, 28కి 4 చిల్లర. తేడా అంతకంటే తక్కువైతే గాలి ఎక్కువున్నట్టు, ఎక్కువైతే తక్కువున్నట్టు. క్యారియర్ మీద బియ్యం బస్తానో పిల్లవాడినో ఎక్కించుకునే అలవాటుంటే వాళ్లు ఎక్కాకే వెనక చక్రం కొలవండి, ఆ బరువు దాదాపు మొత్తం వెనక టైరు మీదే పడుతుంది. గేజ్ కావాలనుకుంటే మోటార్ సైకిల్ ట్యూబుకి ఉండే వాల్వ్ రకం ట్యూబు వేయించుకోవచ్చు. చాలా రిమ్ముల రంధ్రానికి అది సరిపోతుంది, షాపులో ఒకసారి పెట్టి చూపించమనండి.

నాలుగో మెట్టు: హద్దులు సరిచూసుకోండి

లెక్కలో వచ్చిన అంకె టైరు మీది గరిష్ఠం దాటకూడదు, రిమ్ము మీద రాసిన గరిష్ఠమూ దాటకూడదు. రెండింట్లో ఏది తక్కువైతే అదే మీ హద్దు. ఈ మధ్య వస్తున్న కొన్ని కార్బన్ చక్రాలకి టైరుని పట్టుకునే కొక్కెం లాంటి అంచు ఉండదు. హుక్‌లెస్ అంటారు. వాటికి గరిష్ఠం 5 బార్లు, అంటే 72.5 పీఎస్‌ఐ. అది దాటితే టైరు రిమ్ము నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది, ఇందులో మొహమాటం వద్దు. బరువు ఎక్కువగా ఉండి లెక్కలో 80 వస్తుంటే, ఆ రిమ్ముకి వెడల్పైన టైరు వేసుకోవాలి తప్ప గాలి పెంచకూడదు. ఈ సలహా మామూలు రిమ్ములకీ వర్తిస్తుంది: 90 కిలోల మనిషి 25 టైరుతో తిప్పలు పడేకంటే ఫ్రేములో పట్టేంత వెడల్పు టైరు వేసుకోవడం అన్ని విధాలా సుఖం. ఫ్రేముకీ టైరుకీ మధ్య రెండు వైపులా కనీసం 4 మిల్లీమీటర్లు ఖాళీ ఉండేలా చూసుకోండి.

ఐదో మెట్టు: గేజ్‌ని నమ్మేముందు

పంపు గేజ్‌లు ఒకదానికొకటి కలవవు, ఐదారు పీఎస్‌ఐ తేడా మామూలే. దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు, ఎప్పుడూ ఒకే పంపు వాడితే చాలు. మీ అంకె మీ పంపుకి మాత్రమే చెల్లుతుంది, స్నేహితుడి పంపు వాడితే ఆ తేడా గుర్తుంచుకోండి. గేజ్‌లో కింది అంకెల దగ్గర తప్పు ఎక్కువ, 160 దాకా ఉన్న గేజ్‌తో 35 కొలవడం కష్టం. వెడల్పు టైర్లవాళ్లు 60 దాకా మాత్రమే ఉండే చిన్న గేజ్ కొనుక్కోవడం మంచిది.

రోడ్ బైకు ట్యూబులకి ఉండే సన్న ప్రెస్టా వాల్వ్‌కి గేజ్ తగిలించినప్పుడు టైరులోని గాలి కొంత పంపు గొట్టంలోకి పోతుంది. నిన్న 72 కొట్టి ఈరోజు తగిలిస్తే 62 చూపించిందంటే పదీ రాత్రికి రాత్రే కారిపోయినట్టు కాదు. పంచర్ షాపు కంప్రెసర్‌తో సన్న టైర్లకి గాలి కొట్టించకండి. లారీ టైరుకి సరిపోయే ధాటి అది, సైకిల్ ట్యూబులో ఒకటి రెండు సెకన్లలో హద్దు దాటేస్తుంది. దారిలో వేరే గతి లేకపోతే చిన్న చిన్న విడతలుగా కొట్టించి, ప్రతిసారీ వేలితో నొక్కి చూడండి.

ఆరో మెట్టు: రోడ్డు మీద తేల్చుకోవడం

లెక్కలో వచ్చింది ఆరంభం మాత్రమే. 15 శాతం అన్నది వేగానికి శిఖరం అని హైనె కూడా అనడు. ఇక్కడి నుంచి మీ రోడ్డు చెప్పాలి.

మీకు బాగా తెలిసిన నాలుగైదు కిలోమీటర్ల దారి ఎంచుకోండి. అందులో కొంత మంచి తారు, కొంత కంకర తేలిన ముక్క, ఒక మలుపు, వీలైతే ఊరి మొదట్లో వరసగా వేసే ఆ సన్న తెల్ల స్పీడ్ బ్రేకర్లు ఉండాలి. ఆ స్పీడ్ బ్రేకర్లు మనకి ఊరికే దొరికిన ప్రయోగశాల, సియాటిల్‌వాళ్లు హైవే అంచున వెతుక్కున్నది మనకి ప్రతి ఊరి ముందూ ఉంది. లెక్కలో వచ్చిన గాలితో ఒకసారి తిరగండి. తర్వాత రెండు టైర్లలోనూ 5 పీఎస్‌ఐ తగ్గించి మళ్లీ అదే దారి. మళ్లీ 5. వెడల్పు టైరైతే 2, 3 చొప్పున తగ్గించండి.

తగ్గించుకుంటూ పోతుంటే ఒక చోట హద్దు దాటామని సైకిలే చెబుతుంది. మలుపులో ముందు చక్రం కాస్త ఆలస్యంగా తిరిగినట్టు, పక్కకి జారుతున్నట్టు ఉంటుంది. లేచి నిలబడి తొక్కితే సైకిల్ పైకీ కిందకీ ఊగుతుంది. గుంట అంచు తగిలినప్పుడు రిమ్ము టక్కుమంటుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అక్కడ ఆగి, 5 పీఎస్‌ఐ వెనక్కి కలపండి. అదే మీ రోజువారీ అంకె. గాలి ఎక్కువుందనడానికి గుర్తులు వేరు: అరచేతులు తిమ్మిరెక్కడం, గరుకు మలుపులో చక్రం గెంతుతూ బయటికి జరగడం, తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే వెనక చక్రం వెంటనే జారడం.

వేగం సంగతి కూడా తేలాలంటే దొర్లించి చూడండి. చిన్న వాలు, గాలి లేని తెల్లవారుజాము, ట్రాఫిక్ లేని రోడ్డు కావాలి. ఒకే చోట నుంచి పెడల్ కొట్టకుండా వదిలేసి, చేతులు, తల ఒకే తీరులో ఉంచి, కింద ఒక కరెంటు స్తంభం దాటేటప్పుడు వేగం ఎంతుందో చూడండి. ముందు ఎక్కువ గాలితో, తర్వాత తక్కువతో, చివర మళ్లీ ఎక్కువతో. మొదటిదీ మూడోదీ కలవకపోతే మధ్యలో గాలి వీచినట్టు, ఆ రోజు ఫలితం లెక్కలోకి తీసుకోకండి. ఇంకా నిక్కచ్చిగా కావాలంటే గాలి ఎంత పెట్టారో మీకు చెప్పకుండా స్నేహితుడిని పెట్టమనండి, వేలితో నొక్కి చూడకండి. తెలిసి తొక్కితే మనసు ఏదో ఒక వైపు మొగ్గుతుంది.

హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సోలార్ పైకప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది, 2023లో తెరిచారు. దాని మీద మాత్రమే తొక్కేవాళ్లు లెక్కలో వచ్చిన అంకె దగ్గరే ఆగినా ఇబ్బంది లేదు, అది నున్నటి నేల. అదే సైకిల్‌తో బ్రెవె రైడ్లకి, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లకి వెళ్లేవాళ్ల సంగతి వేరు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లు 40 గంటల్లో పూర్తి చేయాలి. అక్కడ చేతులు, మెడ, నడుము రెండో రోజు కూడా పనిచేయాలి. హైదరాబాద్ నుంచి ఫ్రాన్స్‌లో జరిగే పారి-బ్రెస్ట్-పారి 1200 కిలోమీటర్ల రైడ్‌కి వెళ్లిన వాళ్లున్నారు, బైసికిల్ క్వార్టర్లీ పుట్టిందే అలాంటి దూరాలు తొక్కే జనం మధ్య. దూరం తొక్కేవాళ్లకి నేను చెప్పేది: అనుమానం ఉంటే తక్కువ వైపే ఉండండి. అలసట తగ్గితే చివరి వంద కిలోమీటర్లలో మిగిలే సమయం ముందు, 5 పీఎస్‌ఐ ఎక్కువ కొట్టి మిగిల్చేది లెక్కలోకే రాదు.

ఎండ, వాన, ముళ్లు

ఎండకి టైరు పేలిపోతుందని వేసవిలో గాలి బాగా దించేసేవాళ్లు ఉంటారు. లెక్క చూడండి: పొద్దున 25 డిగ్రీల దగ్గర 80 కొడితే, టైరు 45 డిగ్రీలకి వేడెక్కినప్పుడు సుమారు 86 అవుతుంది. ఆరు పీఎస్‌ఐకి మంచి టైరు పేలదు. పేలిందంటే టైరు అంచు రిమ్ములో సరిగ్గా కూర్చోకపోవడమో, ట్యూబు నలిగి ఇరుక్కోవడమో, టైరు చీకిపోవడమో, ముందే గరిష్ఠం దాకా కొట్టడమో అయ్యుంటుంది. మీరు హద్దుకి ఎంతో కింద ఉంటే వేసవి గురించి చేయాల్సింది ఏమీ లేదు. ఘాట్ రోడ్డు మీద నుంచి రిమ్ము బ్రేకులు పట్టుకుని దిగడం మాత్రం వేరే విషయం. బ్రేకు రాపిడికి రిమ్ము బాగా వేడెక్కుతుంది, అరకు నుంచి దిగేటప్పుడు బ్రేకు పట్టే ఉంచకుండా పట్టి వదులుతూ ఉండండి.

వానలో ఐదు శాతం తగ్గిస్తే తడి తారు మీద పట్టు కొంచెం మెరుగు. అంతకంటే తగ్గించకండి, నీళ్ల కింద గుంట ఎంత లోతుందో కనబడదు.

పంచర్ పడితే ట్యూబు చూడండి. పక్కపక్కనే రెండు చిన్న చీలికలుంటే రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగింది, అది గాలి తక్కువ వల్ల. ఒకే రంధ్రం ఉంటే పల్లేరు కాయో తుమ్మ ముల్లో గాజుపెంకో. దానికీ గాలికీ పెద్ద సంబంధం లేదు, గాలి పెంచితే ముల్లు దిగకుండా ఆగదు. ముళ్లు ఎక్కువున్న దారైతే ట్యూబ్‌లెస్ చేసుకుని సీలెంట్ (రంధ్రాన్ని లోపలి నుంచి పూడ్చే ద్రవం) పోసుకోవడం ఒక మార్గం. లోపల నలగడానికి ట్యూబు ఉండదు కాబట్టి గాలి ఇంకో ఐదు నుంచి పది శాతం తగ్గించుకోవచ్చు. మన ఎండలకి సీలెంట్ త్వరగా ఆరిపోతుంది, రెండు మూడు నెలలకోసారి తీసి చూడాలి.

చివరి మెట్టు: రాసుకోవడం, మళ్లీ చూడటం

మీ అంకెలు ఒక టేపు ముక్క మీద రాసి పంపుకి అంటించండి: ముందు ఇంత, వెనక ఇంత, వానలో ఇంత, సామానుతో ఇంత. మామూలు రబ్బరు ట్యూబులు వారానికి కొన్ని పీఎస్‌ఐ కోల్పోతాయి, సన్న టైర్లలో ఆ తేడా త్వరగా తెలుస్తుంది, కాబట్టి సన్నవి వారానికి రెండుసార్లు, 38 దాటినవి వారానికోసారి చూసుకోండి. లేటెక్స్ ట్యూబులైతే తొక్కే ప్రతిరోజూ కొట్టాలి.

టైరు మార్చినా, చక్రం మార్చినా, హ్యాండిల్ ఎత్తు మార్చినా, మీ బరువు ఐదు కిలోలు అటూ ఇటూ అయినా లెక్క మళ్లీ మొదటి మెట్టు నుంచి కట్టాలి. కొత్త టైరు కొన్ని వారాలు తొక్కాక కొద్దిగా సాగి వెడల్పవుతుంది. బిగించిన రోజు కొలత సరిపోతుందిలే అని వదిలేయకుండా నెల తర్వాత ఇంకోసారి కాలిపర్ పెట్టి, ఒక మిల్లీమీటరు పెరిగి ఉంటే 28 దగ్గర నాలుగు పీఎస్‌ఐ, 38 దగ్గర రెండు తగ్గించి టేపు మీద అంకె దిద్దుకోండి.